అనుదినాహారానికి లెక్క అడిగిన బిషప్

మన వేదాంత కళాశాల సంచికకు ఒక జ్ఞాపకం రాసి పంపమని కోరినప్పుడు హాస్టలు గురించో భోజనశాల గురించో రాద్దామనుకున్నాను గాని, కలం పట్టగానే మనసు 1987 నాటి మా నీతిశాస్త్రం తరగతికే పోయింది. ఆ రోజు గురువుగారు నల్లబల్ల మీద ఆఫ్రికా పటం గీసి, నైరుతి తీరాన సుద్దముక్కతో ఒక చోట గట్టిగా రుద్ది, "ఈ దేశంలో సగం మంది మన లూథరన్లే, మనకేమో పేరు కూడా తెలియదు" అన్నారు. ఆ తరువాత సైక్లోస్టైల్ కాగితాలు పంచారు. నమీబియా సంఘకాపరి జెఫానియా కమీటా తన ప్రజల కష్టాల భాషలో తిరిగి పలికిన కీర్తనలు వాటిలో ఉన్నాయి. అంతకు ముందు ఏడాదే జెనీవాలో ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి వాటిని పుస్తకంగా అచ్చువేసింది. తెలుగు బైబిలు చదివి పెరిగిన మాకు ఆ పేరు జెఫన్యా ప్రవక్త పేరుగానే వినిపించింది, నాకు నేటికీ అలాగే వినిపిస్తుంది.

కమీటా 1945 ఆగస్టు 7న ఓచింబింగ్వేలో పుట్టారు. జర్మన్ రేనిష్ మిషనరీలు పనిచేసిన ఆ ఊళ్లోనే ఉన్న పౌలినం వేదాంత విద్యాలయంలో చదివి, 1972లో గురుత్వ అభిషేకం పొందారు. ఆయన చదువు ముగించిన 1971వ సంవత్సరం ఆ దేశ చరిత్రలో చాలా ముఖ్యమైనది. నమీబియా మీద దక్షిణాఫ్రికా పెత్తనం చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం ఆ జూన్‌లో అభిప్రాయం చెప్పిన కొద్ది రోజులకే, అక్కడి రెండు నల్లజాతి లూథరన్ సంఘాల అధిపతులు దక్షిణాఫ్రికా ప్రధాని వోర్స్టర్‌కు బహిరంగ లేఖ రాశారు. ప్రజలకు తిరిగే స్వేచ్ఛ లేదనీ, ఒప్పంద కూలీ విధానం భార్యాభర్తలను విడదీసి కుటుంబాలను కూలుస్తోందనీ అందులో స్పష్టంగా చెప్పి, ఆ లేఖను ఆరాధనల్లో విశ్వాసులకు చదివి వినిపించారు. ఆ ఏడాది చివరికి ఒప్పంద కూలీలు వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. కమీటా యౌవనం ఆ వాతావరణంలో గడిచింది. నమీబియా విముక్తి కోసం పోరాడిన స్వాపో పార్టీలో ఆయన చేరడాన్ని విని మాలో కొందరం అభ్యంతరపడ్డాం. సంఘకాపరికి పార్టీ ఏమిటని అడిగాం. పని కోసం ఊరు వదిలిన భర్తతో కలిసి బతికే హక్కు ఒక స్త్రీకి లేనప్పుడు, ఆమె వివాహాన్ని ఆశీర్వదించిన అయ్యగారు ఊరకుండటం ఏ నీతి అని గురువుగారు ఎదురు ప్రశ్న వేశారు.

ఆ వారం మాకు ఇచ్చిన పని, మన ఊరి మాటల్లో ఒక కీర్తన రాయడం. పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు గ్రేడింగు చేసే మా అమ్మను తలచుకుని నేనొకటి రాశాను. నా కాగితం అంచున గురువుగారు ఎర్ర సిరాతో "రోజు కూలి ఎంత?" అని రాసి తిరిగి ఇచ్చారు. నాకు తెలియదు. సెలవుల్లో ఇంటికి వెళ్లి అడిగితే 8 రూపాయలని అమ్మ చెప్పింది. తన కూలి సంగతి నేను ఎన్నడూ అడగలేదని అప్పుడే ఇద్దరికీ తెలిసింది.

1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైన వార్తను పల్లెలోని పాస్టరు బంగళాలో, బ్యాటరీలు ఎండలో పెట్టి బతికించుకున్న ట్రాన్సిస్టరులో విన్నాను. ఆ స్వాతంత్ర్యానికి ముందు జరిగిన ఎన్నికల కాలంలో ఐక్యరాజ్యసమితి సైనిక దళానికి మన జనరల్ ప్రేమ్‌చంద్ నాయకత్వం వహించారు. రాజ్యాంగాన్ని రూపొందించిన 72 మంది సభలో కమీటా ఒకరు. తరువాత పదేళ్లు, 2000 వరకు, ఆయన జాతీయ అసెంబ్లీకి ఉప సభాపతిగా ఉన్నారు. అక్కడి నుంచి తిరిగి సంఘ సేవకు వచ్చి 2002లో నమీబియా ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి బిషప్ అయ్యారు. పదవి కోసం ప్రసంగ పీఠం వదిలిన వాళ్లను మనం చూశాం గాని, పదేళ్ల అధికారం తరువాత తిరిగి ఆ పీఠం దగ్గరకే వచ్చిన వాళ్లు అరుదు.

నా దృష్టిలో ఆయన జీవితంలోకెల్లా గొప్ప పని బిషప్ కాలంలో జరిగింది. సంఘాలు, కార్మిక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసిన ఒక కూటమికి ఆయన నాయకత్వం వహించి, ప్రతి మనిషికీ నెలనెలా కనీస ఆదాయం హక్కుగా ఇవ్వాలని అడిగారు. అడిగి ఊరుకోలేదు. రాజధాని విండ్‌హుక్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, తెల్లజాతివారి పొలాల్లో పనిపోయిన కుటుంబాలు రేకుల గుడిసెల్లో తలదాచుకున్న ఓచివేరోలో, 2008 జనవరి నుంచి రెండేళ్లు, 60 ఏళ్లలోపు వారందరికీ, పసిబిడ్డలతో సహా, ఏ షరతూ లేకుండా నెలకు 100 నమీబియా డాలర్లు ఇచ్చి చూపారు. 60 దాటిన వారికి అప్పటికే ప్రభుత్వ పింఛను ఉంది. ఊరివాళ్లు తమలో తామే ఒక కమిటీని ఎన్నుకున్నారు. డబ్బు అందే రోజున సారా దుకాణాలు తెరవకుండా వాటి యజమానులను ఒప్పించారు. తక్కువ బరువున్న పిల్లలు 42 శాతం నుంచి ఏడాదిలో 10 శాతానికి తగ్గారనీ, చీటీకి 4 డాలర్లు కట్టలేక ఆసుపత్రికి రానివాళ్లు రావడం మొదలుపెట్టారనీ కూటమి నివేదికలో ఉంది. పోల్చి చూడటానికి మరో ఊరిని తీసుకోలేదని ఆర్థికవేత్తలు ఆక్షేపించారు, అందులో న్యాయం ఉంది. కాని ఆ నివేదిక చదివినప్పుడు నాకు కనిపించినది శాతాలు కాదు, ఒక బిషప్ అనుదినాహారం కోసం చేసే ప్రార్థనను అంకెలోకి దింపి, ఆ అంకెను తలకు ఇంత చొప్పున పంచి చూపడం. 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో 'సేవా' (SEWA) అనే మహిళా కార్మికుల సంఘం ఇటువంటి ప్రయోగమే చేసిందని చదివి ఎంతో సంతోషించాను.

నాటి నమీబియా ప్రభుత్వం ఓచివేరో ప్రయోగాన్ని దేశమంతటికీ విస్తరించడానికి ఒప్పుకోలేదు. 2013లో బిషప్ పదవీకాలం ముగిశాక, 2015లో అధ్యక్షుడు హాగే గైంగాబ్ కొత్తగా పేదరిక నిర్మూలన శాఖను పెట్టి, దాన్ని కమీటాకే అప్పగించారు. విండ్‌హుక్ ప్రాంతంలో ఆహార నిధి మొదలైంది. నిరుపేద ఇళ్లకు ఆహారం చేరింది. ఆయన అంతకాలం కోరిన కనీస ఆదాయం మాత్రం ఆయన మంత్రిగా ఉండగా కూడా చట్టం కాలేదు. ఆ విషయం రాయడానికి నాకు బాధగా ఉంది, ఎందుకంటే పట్టుబట్టి అడిగిన మనిషికే ఆ కుర్చీ దక్కిందని నేను ఎంతో ఆశపడ్డాను. 2020లో, 74 ఏళ్ల వయసులో, ఆయన మంత్రి పదవి నుంచి తప్పుకున్నారు.

ఆనాటి సైక్లోస్టైల్ కాగితం మడతల దగ్గర చిరిగింది. నా కీర్తన కాగితం మీద ఎర్ర సిరా ప్రశ్న పక్కన, అమ్మ చెప్పిన రోజున పెన్సిలుతో రాసుకున్న 8 అంకె ఇంకా కనిపిస్తుంది. రెండు కాగితాలనూ ఈ వ్యాసంతో పాటు మన కళాశాల గ్రంథాలయానికి పంపిస్తున్నాను.