పెద్ద రైఫిల్‌కి 25 గజాల దగ్గర గురి కుదిర్చిన నా అనుభవం

అలాస్కాకి వచ్చి తొమ్మిదేళ్లయింది. యాంకరేజ్‌లో సెప్టెంబర్ వచ్చిందంటే ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ, అందరూ మూస్ (పెద్ద కొమ్ముల దుప్పి జాతి జంతువు) వేటకి పోతారు. ఆ మాంసంతోనే చలికాలమంతా గడిపే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి, కొట్టిన జంతువు మాంసం అడవిలో వదిలేసి వస్తే చట్టప్రకారం నేరం కూడా. ఆ పద్ధతి నాకు నచ్చింది. గ్రీన్ కార్డు వచ్చాక, ఈ ఏడాది నేనూ వెళ్దామని నిర్ణయించుకున్నాను. (వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా ఇక్కడ తుపాకీ కొనకూడదు. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది కానీ నేను ఆ జోలికి పోకుండా ఆగాను.) షాపులో తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక రైఫిల్ చేతికొచ్చింది.

కొన్నది .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ తూటా వాడే రైఫిల్. 1912లో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు తెచ్చిన తూటా ఇది, వందేళ్లు దాటినా ఆఫ్రికాలోనూ అలాస్కాలోనూ ఇంకా నడుస్తోంది. నిజానికి మూస్‌కి అంతకంటే చిన్న తూటా థర్టీ ఆట్ సిక్స్ సరిపోతుంది. కానీ మూస్‌ని కొట్టి కోసుకుంటున్న చోటికి వాసన పట్టుకుని గోధుమ ఎలుగు రావడం ఇక్కడ వింతేమీ కాదు, అందుకే పెద్దదే తీసుకోమని మా పక్కింటి పెద్దాయన చెప్పాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగి ముప్పై ఏళ్లుగా వేటాడుతున్న మనిషి. రైఫిల్ విషయంలో నాకు గురువంటే ఆయనే.

షాపులోనే స్కోప్ (గురి చూసే దుర్భిణి) బిగించి ఇచ్చారు, గురి కూడా దాదాపు కుదిర్చాం అన్నారు. ఆ మాట నమ్మి జూలైలో ఒక శనివారం కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లి నేరుగా 100 గజాల దగ్గర కాగితం పెట్టాను. మూడు సార్లు కాల్చాను, కాగితం మీద ఒక్క చిల్లు లేదు. ఒక్కో తూటా నాలుగైదు డాలర్లు, అది ఒక బాధ. బుల్లెట్ ఎటు పోయిందో కూడా తెలియకపోవడం అంతకంటే పెద్ద టెన్షన్. పైకి పోయిందా, పక్కకి పోయిందా తెలియకుండా స్కోప్‌ని ఎటు తిప్పాలి? పెద్దాయన అప్పటిదాకా ఏమీ అనకుండా కూర్చున్నవాడు లేచి, "ఇక చాలు, కాగితం 25 గజాల దగ్గరికి తెద్దాం" అన్నాడు.

రేంజ్‌లో కాల్పులు ఆపమని పిలుపు వచ్చేదాకా ఆగాం. ఆ పిలుపు వచ్చాక బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) తెరిచి, తూటా కూర్చునే చాంబర్‌లో అది ఖాళీ అని చూపే జెండా పెట్టి, ఎవరూ తుపాకీ ముట్టుకోకుండా వెనక్కి జరిగి నిలబడాలి. అప్పుడే ముందుకెళ్లి కాగితం మార్చుకోవాలి. తిరిగి వచ్చి మళ్లీ అనుమతి ఇచ్చాక ఆయన బోల్ట్ మొత్తం బయటికి తీయించాడు. రైఫిల్‌ని ఇసుక సంచుల మధ్య కదలకుండా ఇరికించి, వెనక నుంచి బ్యారెల్ గొట్టంలోంచి చూడమన్నాడు. చీకటి గొట్టం చివర పావలా బిళ్లంత గుండ్రటి వెలుతురు, అందులో కాగితం మీది నల్ల చుక్క. ఆ చుక్క సరిగ్గా మధ్యకి వచ్చేలా సంచులు సర్దాక, రైఫిల్ కదపకుండా స్కోప్‌లోంచి చూస్తే అందులోని ప్లస్ గుర్తు చుక్కకి జానెడు దూరంలో ఉంది! 100 గజాల దగ్గర కాగితం తగలకపోవడంలో ఆశ్చర్యం లేదు. స్కోప్ మీది డయల్ తిప్పి గుర్తుని చుక్క మీదికి తెచ్చాను. ఇక్కడ ఒక తికమక ఉంది: డయల్ మీద 'పైకి' అని ఉన్న బాణం బుల్లెట్ తగిలే చోటు గురించి చెప్తుంది, ప్లస్ గుర్తు మాత్రం దానికి ఎదురు దిక్కున కదులుతుంది. మొదట తప్పు వైపు తిప్పి, దూరం పెరగడం చూసి వెనక్కి తిప్పాను.

అప్పుడు కాల్చిన తూటా కాగితం మీద పడింది. చుక్కకి రెండు అంగుళాలు కింద, ఒక అంగుళం ఎడమ. ప్రాణం లేచి వచ్చింది.

తర్వాత నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. డయల్ మీద ఒక క్లిక్ అంటే పావు అంగుళం అని రాసి ఉంటుంది, దాని ప్రకారం ఎనిమిది క్లిక్‌లు పైకి, నాలుగు కుడికి తిప్పాను. కాల్చి చూస్తే చిల్లు పెద్దగా జరగలేదు. ఆ పావు అంగుళం లెక్క 100 గజాల దగ్గరది. 25 గజాల దగ్గర అందులో నాలుగో వంతే, అంటే అంగుళంలో పదహారో వంతు. అంగుళం జరపాలంటే 16 క్లిక్‌లు కావాలి. మిగిలిన 24 పైకి, 12 కుడికి తిప్పాక తూటా చుక్క అంచుకి తగిలింది.

అయిపోయిందనుకున్నాను. అదే గురి మీద ఇంకో రెండు కాలిస్తే ఒకటి ఒకటిన్నర అంగుళం కుడికి, ఇంకోటి కిందికి. ఇంత దగ్గర్లో అంత తేడా రాకూడదు. నా చేతిదే తప్పనుకుని ఇంకా కాల్చబోతుంటే పెద్దాయన ఆపి, స్కోప్‌ని వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపాడు. కదిలింది. రైఫిల్ మీద స్కోప్‌ని నిలబెట్టే ముందు పట్టీ మర వదులుగా ఉంది. షాపులో సరిగ్గా బిగించలేదన్నమాట. ఇంత గట్టిగా తన్నే రైఫిల్‌కి ప్రతి దెబ్బకీ ఆ మర ఇంకాస్త వదులవుతుంది, మనం డయల్ ఎంత తిప్పినా ఉపయోగం లేదు. 100 గజాల దగ్గరే కాలుస్తూ ఉంటే ఈ సంగతి నాకు తెలియడానికి ఇంకో పెట్టె అయిపోయేది.

ఇంటికొచ్చి స్కోప్ మొత్తం ఊడదీశాను. మరల జిడ్డు తుడిచి, పట్టీ మరలకి అవి వదులవకుండా పట్టి ఉంచే నీలం జిగురు ఒక్కో చుక్క వేసి, బిగువు ఎంతో కొలిచి చూపే టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించి, స్కోప్ రింగులు 18 అంగుళం-పౌండ్ల దగ్గర ఆపి రాత్రంతా ఆరనిచ్చాను. భుజం కమిలి నీలంగా అయింది. మా ఆవిడ చూసి, "ఇంత దెబ్బ తినడం అవసరమా?" అంది. అవసరమేనన్నాను. ఐదారు వందల కిలోల ప్రాణిని తప్పు చోట కొట్టి, అది అడవిలో రోజుల తరబడి బాధపడి చావడం నేను భరించలేను.

వారం తర్వాత మళ్లీ అదే 25 గజాలు, గొట్టంలోంచి చూడటం దగ్గర్నుంచి మొదలు. ఈసారి పెద్దాయన, "తూటా నేను పెడతాను, నువ్వు చూడకు" అన్నాడు. రెండు మామూలుగా పేలాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మని ఊరుకుంది, కానీ బ్యారెల్ మూతి రెండు వేళ్ల మందం కిందికి దిగిపోయింది. ఉత్తి డమ్మీ తూటా పెట్టాడు! దెబ్బ రాకముందే నా ఒళ్లు దెబ్బకి సిద్ధమై కళ్లు మూసుకుంటోందని అప్పుడు తెలిసింది. నేను ఊహించలేదు, భయం లేదనే అనుకున్నాను.

ఆ తర్వాత గంటసేపు పెద్ద తూటా ముట్టుకోలేదు. ఖాళీ రైఫిల్‌తో బ్యారెల్ మీద నాణెం పెట్టి అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం, తర్వాత ఆయన దగ్గరున్న .22 అనే చిన్న రైఫిల్‌తో ఒక యాభై తూటాలు కాల్చడం. కూర్చునే తీరు కూడా మార్పించాడు. బల్ల మీదికి వంగిపోతే దెబ్బంతా భుజం ఎముక మీదే పడుతుంది, అందుకే సంచులు ఎత్తు పెంచి నిటారుగా కూర్చోబెట్టాడు. తుపాకీ మడమ భుజం గుంటలో గట్టిగా, ఎడమ చేత్తో ముందు కర్రని పట్టుకుని, కన్ను స్కోప్‌కి నాలుగు అంగుళాల వెనక. చెవుల్లో బిరడాలు, పైన మఫ్‌లు, రెండూ. పక్క బల్ల మీద రైఫిల్‌ని బరువులతో బిగించే స్టాండ్ ఉంది, అది వాడదామా అంటే వద్దన్నాడు. వెనక్కి జరగడానికి చోటు లేకపోతే ఆ దెబ్బ కర్ర మీదా స్కోప్ మరల మీదా పడుతుందట. మొన్నటి మర గుర్తొచ్చి నేనూ ఊరుకున్నాను.

అప్పుడు మూడు కాల్చాను, ఒక్కోదానికి మధ్య బ్యారెల్ చల్లారేదాకా ఆగి. మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని, చుక్కకి పావు అంగుళం కింద. నాలుగు క్లిక్‌లు పైకి, ఇంకొకటి కాలిస్తే నడి మధ్యన.

ఇక 100 గజాలు. బుల్లెట్ ఎక్కడ పడాలో ముందే లెక్క ఉంది. స్కోప్ బ్యారెల్‌కి అంగుళంన్నర పైన ఉంటుంది, కాబట్టి బ్యారెల్ కాస్త పైకి చూస్తూ ఉంటుంది. నాది 300 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్, సెకనుకి సుమారు 2,500 అడుగుల వేగం. అది 25 గజాల దగ్గర స్కోప్‌లోంచి నేను చూసే చూపు గీతని దాటి పైకెళ్లి, 100 దగ్గర రెండు అంగుళాల పైచిలుకు ఎత్తులో ఉండి, 200కి కాస్త ముందు మళ్లీ ఆ గీత మీదికి దిగుతుంది. అంటే దట్టమైన పొదల్లో నేను కాల్చబోయే దూరాలన్నిటికీ గుండె మీద గురి పెడితే చాలు, లెక్కలు అక్కర్లేదు.

మూడు కాల్చాను. చుక్కకి రెండుంబావు అంగుళాలు పైన, మూడూ కలిపి అంగుళంన్నర వెడల్పులో. పెద్దాయన బైనాక్యులర్స్ దించి నా చేతికిచ్చి, డయల్స్ మీద మూతలు తనే బిగించాడు. ఆ దూరాలు, ఎత్తులు తెల్ల టేపు మీద రాసి రైఫిల్ కర్రకి అంటించాను.

20 తూటాల పెట్టెలో మూడు మిగిలాయి. ట్రక్కులో గతుకుల దారిన క్యాంపు చేరాక, చల్లటి బ్యారెల్‌తో 25 గజాల దగ్గర ఇంకోసారి సరిచూసుకోవడానికి వాటిని విడిగా కట్టి పెట్టాను.