బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదా? ముందు గోడ సాకెట్ చూడండి

మొదటిసారి ఇంట్లోనే కంప్యూటర్ బిగించి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోతే, అందరి అనుమానం మదర్‌బోర్డు మీదకే పోతుంది. దాన్ని విప్పకముందే గోడ సాకెట్ చూడండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో ఇది మరీ ముఖ్యం.

మల్టీమీటర్‌ను ఏసీ వైపు 600 లేదా 750 గుర్తు దగ్గర పెట్టి మూడు కొలతలు తీయండి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకు, ఎర్తుకు మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. రెండో కొలత బాగా తగ్గినా, అంకె నిలవకుండా ఊగినా ఎర్తు లేనట్టే.

ఎర్తు లేకపోయినా కంప్యూటర్ నడుస్తుంది. కానీ క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్తుకు చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు తెగితే సగం వోల్టేజీ, అంటే 115 దాకా, ఇనప పెట్టె మీదకొస్తుంది. కరెంటు తక్కువే అయినా, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే పోర్టు పోవచ్చు. ఉదయగిరి లాంటి మెట్ట ఊళ్లలో మే నెలకు ఎర్తు గుంత ఎండిపోతుంది. కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డున ఉప్పుగాలికి క్లాంపు, బోల్టు తుప్పు పట్టి తీగ పట్టు వదిలేస్తుంది. గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి మళ్లీ కొలవండి. తేడా రాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. అతను సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మీద మొత్తం 230 వోల్టులూ ఉంటాయి, అది ప్రాణాల మీదకొచ్చే పని.

సాకెట్ బాగుంటే ఎస్‌ఎంపీఎస్ వంతు. ప్లగ్ పీకి, అన్ని కేబుళ్లూ మదర్‌బోర్డు నుంచి తీసేయండి. 24 పిన్నుల కనెక్టరులో క్లిప్ ఉన్న వైపు వరుసను చూడండి. అందులో ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది. దానికి దూరంగా ఉన్న కొన నుంచి లెక్కపెడితే నాలుగోది ఆన్ చేసే పిన్ను (పాత వాటిలో పచ్చ తీగ), ఐదోది గ్రౌండు. ఈ రెండింటినీ పేపర్ క్లిప్‌తో కలిపి, ఆ తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. ఫ్యాన్ తిరగలేదని ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకోవద్దు, లోడు లేనప్పుడు ఫ్యాన్ ఆపేసే మోడళ్లు చాలా ఉన్నాయి. మీటరును డీసీకి మార్చి పసుపు తీగ దగ్గర 11.4 నుంచి 12.6, ఎరుపు దగ్గర 4.75 నుంచి 5.25 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. తీగలన్నీ నలుపే అయితే సాటా (హార్డ్ డిస్కుకు పెట్టే) కనెక్టరు మీద కొలవడం తేలిక. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే నిలవ ఉంటుంది.

ఎస్‌ఎంపీఎస్ బాగుండి, కంప్యూటర్‌లో పెడితే ఫ్యాన్లు అర సెకను తిరిగి ఆగిపోతున్నాయంటే ఎక్కడో షార్టు ఉంది, రక్షణ సర్క్యూట్ కోసేస్తోంది. ఎక్కువసార్లు దొరికేది ఒకటే: బోర్డు రంధ్రం లేనిచోట మిగిలిపోయిన ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న కాలు). మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డును, పెద్ద సైజైన ఏటీఎక్స్ క్యాబినెట్‌లో బిగించేటప్పుడు ఇలా జరుగుతుంది. వెనక షీల్డు రేకు నాలుక యూఎస్‌బీ రంధ్రంలోకి దూరిందేమో కూడా చూడండి.

అదీ కాకపోతే బోర్డును బయటికి తీసి, దాని అట్టపెట్టె మీదే పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ చాలు. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ నుంచి రెండోది వాడండి. పైమూల 8 పిన్నుల ప్రాసెసర్ కేబుల్ మరిచిపోయేవాళ్లు ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల కేబుల్ వేరు, దాన్ని బలవంతంగా తోయకండి. పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక క్షణం కలపండి. బయట నడిచి క్యాబినెట్‌లో నడవకపోతే తప్పు స్టాండాఫ్‌దో, ముందు బటన్ తీగదో.

కరెంటు పోయినప్పుడు మాత్రమే ఆగిపోయేదైతే ఇన్వర్టరును చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని ఇమడవు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, మారే సమయం తగ్గుతుంది.