అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి చూడండి

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరపల్లెల్లో చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అదే అడ్డపొగ. ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్ల అలవాటు. గాలికి చుట్ట ఆరదు, చాలాసేపు వస్తుంది.

మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ల మీద, నాలుక పక్కన వస్తుంది. గట్టి అంగిలి (నోటి పైకప్పులో ముందున్న గట్టి భాగం) మీద అరుదు. అడ్డపొగ తాగేవాళ్లకు మాత్రం అంగిలికే ముప్పు, ఎందుకంటే సెగా పొగా నేరుగా తగిలేది దానికే. ఈ సంగతి 1957లోనే వైద్య పత్రికకెక్కింది. అయినా ఇప్పటికీ చాలా ఇళ్లలో అమ్మమ్మ అంగిలి ఎవరూ చూడరు!

మొదట అంగిలి తెల్లగా పాలిపోతుంది. తర్వాత చిన్న బొడిపెలు లేస్తాయి, ఒక్కోదాని నడుమ ఎర్రటి చుక్క ఉంటుంది. అది వాచిన లాలాజల గ్రంథి నోరు. ఇక్కడ మానేస్తే తగ్గే అవకాశం ఉంది. తెలుపు మధ్యలో ఎర్రటి మచ్చో పుండో కనిపిస్తే ఆగకుండా డాక్టరుకు చూపించాలి. తొలిదశలో నొప్పి ఉండదు, అందుకే ఆలస్యమవుతుంది.

దీనికి మద్యం తోడైతే ముప్పు కూడిక కాదు, హెచ్చవేత. ఆల్కహాల్ నోటి పొరను పలచబరిచి పొగాకు విషాలను లోపలికి దిగనిస్తుంది. పైగా నోట్లోనే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారి కణాల డీఎన్ఏను దెబ్బతీస్తుంది. 1988 నాటి ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు, నాలుగు డ్రింకులకు పైగా తాగేవాళ్లకు నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు 35 రెట్లు దాటింది. కల్లయినా బీరైనా, లెక్క ఒంట్లోకి వెళ్లిన ఆల్కహాల్‌దే.

నెలకోసారి ఇలా చూడండి. కట్టుడు పళ్లు తీయించి, నోరు పుక్కిలించాక తల వెనక్కి వాల్చమనండి. సెల్ టార్చి వేసి ముందు పళ్ల వెనక నుంచి కొండనాలుక దాకా చూడండి. కడిగిన వేలితో తడమండి, గట్టిగా తగిలే చోటు గుర్తుంచుకోండి. బుగ్గలు, నాలుక అంచులు, నాలుక కింద, మెడలో గడ్డలు కూడా.

రెండు వారాల్లో మానని పుండుకు బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాలి. పూతమందులు మార్చుకుంటూ కూర్చోవద్దు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం చాలామందిని ఆపేస్తోంది. అది నిజం కాదు.

చుట్టను తిప్పి మామూలుగా తాగితే సెగ తప్పుతుందేమో గానీ పొగాకు అదే. మానలేకపోతే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఫోన్ లైన్ 1800-11-2356కు ఫోన్ చేయించండి, ఉచితం.