పీహెచ్ పట్టీల కోసం నాలుగు ఇండెంట్లు

నిన్న మా న్యూరాలజీ వార్డుకు పీహెచ్ పట్టీల డబ్బా వచ్చింది. ద్రవంలో ఆమ్లం ఎంత ఉందో రంగుతో చూపే కాగితాలవి. అరచేతిలో పట్టే ఆ డబ్బా కోసం ఐదు నెలలు తిరిగాను. కోపం చల్లారకముందే రాస్తున్నాను.

పక్షవాతంతో మింగలేని ఒక పెద్దాయనకు ముక్కు గొట్టం, అంటే ముక్కులోంచి పొట్టలోకి ఆహారం పంపే గొట్టం, వేశాను. సిరంజితో గాలి పంపి, పొట్టమీద స్టెతస్కోపు పెట్టి, బుడబుడ శబ్దం వింటే గొట్టం పొట్టలోనే ఉన్నట్టని మాకు నేర్పారు. ఆ రోజు శబ్దం చక్కగానే వినిపించింది. కానీ ఆయన సన్నగా దగ్గుతూనే ఉండటంతో మనసొప్పక డాక్టరుగారిని అడిగి ఎక్స్‌రే తీయించాను. గొట్టం కొస కుడి ఊపిరితిత్తిలో ఉంది. మంచం పక్కన ఆయన కూతురు చల్లార్చి పెట్టిన రాగి జావ గ్లాసు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

గాలి శబ్దాన్ని నమ్మవద్దని ఇంగ్లండులో 2005లోనే ఆసుపత్రులను హెచ్చరించారు. గొట్టంలోంచి కాస్త ద్రవం లాగి పీహెచ్ చూడాలి. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ; 5.5 లేదా అంతకు తక్కువ ఉంటే అది పొట్టలోని ద్రవమని ఆహారం పోయవచ్చు. అంతకు మించినా, ద్రవం రాకపోయినా ఎక్స్‌రే తీయాలి.

ఈ పద్ధతిని రాసిపెట్టడానికి నాకు రెండు రాత్రి డ్యూటీలు పట్టింది. హెడ్ నర్సు వెంటనే సంతకం చేశారు.

ఇక స్టోర్సు. మొదటి ఇండెంటు, అంటే సరుకు కోరుతూ రాసే కాగితం, ఆ వస్తువు జాబితాలో లేదని తిరిగొచ్చింది. రెండోది డాక్టరు సంతకం లేదని వచ్చింది. మూడోసారి సరుకే వచ్చింది. విప్పి చూస్తే నీలి లిట్మస్ కాగితాలు! పొట్లం పట్టుకుని వెళ్లాను. ఇది ఆమ్లమా కాదా అనే చెబుతుంది, ఎంత ఆమ్లమో చెప్పదు, పొట్టలోని ద్రవమో ఊపిరితిత్తిలోనిదో దీనితో తేలదని చెప్పాను. అక్కడి అధికారి ఫైలులోంచి తల ఎత్తలేదు. "ఎర్రబడితే ఆమ్లం. పదో తరగతి పాఠం. మీరు సైన్సు టీచరుగా వెళ్లవలసింది సిస్టర్" అన్నారు. గదిలో ఉన్న ఆరుగురూ నవ్వారు. పందొమ్మిదేళ్ల సర్వీసు నాది. కూర్చోమని కూడా అనలేదు. పొట్లం ఆయన బల్లమీద పెట్టి, మెట్లు దిగి, నీళ్ల కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వార్డుకు వచ్చాను.

నాలుగో ఇండెంటు సమావేశానికి వెళ్లింది. ఆమ్లం తగ్గించే మందులు వాడేవారిలో పీహెచ్ ఎక్కువ చూపిస్తుంది కదా, అప్పుడు ఏమి చేస్తారని ఒక పెద్ద డాక్టరు నిలదీశారు. ఎక్స్‌రే తీయిస్తాం, ఊహించి మాత్రం పోయబోమని చెప్పాను. ఆయన కాగితం తన వైపు లాక్కుని సంతకం పెట్టారు. ఆ జవాబు గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మీరూ అడగబోతుంటే ఇండెంటులో 'లిట్మస్ కాదు' అని ఎర్ర సిరాతో రాయండి, అర పాయింటు తేడా చూపే పట్టీలే కావాలనండి. స్టోర్సుతో నోటిమాట వ్యవహారం వద్దు, తేదీ వేయించుకోండి. మిగతా జాగ్రత్తలకు ఎవరి సంతకమూ అక్కరలేదు. తలవైపు 30 డిగ్రీలకు తగ్గకుండా ఎత్తండి. పోసే ముందూ తరువాతా గొట్టంలోకి నీళ్లు పంపండి. నెమ్మదిగా కరిగే మాత్రలను పొడి చేయకండి.

ఇంకో మాట. మన ఆసుపత్రుల్లో గొట్టంలో జావ పోసేది చాలాసార్లు ఇంటివాళ్లే. తప్పు చేశారని వాళ్లను కసిరే సిస్టర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లకు ఎవరు నేర్పారు? నేను ప్రతి గొట్టానికీ ముక్కు దగ్గర మార్కరుతో నల్ల గీత గీసి, ఇంటివాళ్లకు చూపిస్తున్నాను.

ఈ ఉదయం ఆరో నంబరు మంచం దగ్గరి అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. "సిస్టరుగారూ, గీత రెండు వేళ్లు బయటికి వచ్చింది. నేను పోయలేదు." వెళ్లి చూస్తే జావ గ్లాసు మీద మూత అలాగే ఉంది.