చోక్స్ పడేదాకా

గత వర్షాకాలంలో ఒక సాయంత్రం, కోస్తాలోని ఒక చిన్న విమానాశ్రయంలో దిగి, విమానాలు నిలిపే బే మీదకు వచ్చి పార్కింగ్ బ్రేకు వేసి, ఎడమ ఇంజను ఆపాను. జల్లు గట్టిగా పడుతోంది. సైగలతో విమానానికి దారి చూపే మార్షలర్ రెండు కర్రలనూ తలపై అడ్డంగా పట్టుకుని నిలబడే ఉన్నాడు. అతని పక్కనుంచి ఒక లోడరు కుర్రవాడు చక్రాలు కదలకుండా అడ్డుపెట్టే చోక్స్ పట్టుకుని, వాన ముఖానికి తగలకుండా తల వంచుకుని, ఎడమ చక్రం వైపు పరుగందుకున్నాడు. మేము నడిపే ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72లో ఆ చక్రం దగ్గరికి ముందువైపునుంచి వెళ్లాలంటే విమానం పొట్టకూ ప్రొపెల్లర్‌కూ మధ్యనున్న సందులోంచే వెళ్లాలి. ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతోంది. ఇంధనం కట్టేసిన తరువాత కూడా ఆ ఆరు రెక్కలు కాసేపు వాటంతట అవే తిరుగుతాయి. వాటిని ఆపే బ్రేకు ఎడమ ఇంజనుకు లేదు. కిటికీలోంచి అతని రెయిన్‌కోటు టోపీ ఒక్కటే కనిపిస్తోంది. నా చేతిలో ఏమీ లేదు. మార్షలర్ వేసిన కేకకు అతను ఆగాడు. పడిపోయిన చోక్ ఒకటి నీళ్లలో జారుకుంటూ ముక్కు చక్రం దాకా వచ్చింది.

ప్రయాణికులు దిగాక అతన్ని పక్కకు పిలిచి, ఎందుకు పరిగెత్తావు తమ్ముడూ అని అడిగాను. "లేటయింది కదా సార్" అన్నాడు. ఆలస్యమైన మాట నిజమే. అయితే ఆ ఆలస్యం అతనిది కాదు, హైదరాబాదునుంచి మేము మోసుకొచ్చినది. అతనికి ఇవ్వవలసిన మందలింపు నా నోట్లోనే ఆగిపోయింది.

చిన్న విమానాలు నడిపే మాకు పని అంతా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. గంట, గంటంబావు ఎగరడం, అరగంటలోపు మళ్లీ బయలుదేరడం, రోజుకు నాలుగైదుసార్లు ఇదే వరస. దూరదేశాలకు వెళ్లే పెద్ద విమానం పైలట్ రోజుకు ఒకసారి చేసే టాక్సీయింగ్‌ను, అంటే నేలమీద విమానాన్ని నడపడాన్ని, మేము నాలుగైదుసార్లు చేస్తాము. అభ్యాసం ఎక్కువైతే ప్రమాదం తగ్గుతుందని అనిపిస్తుంది గాని, నా అనుభవంలో అభ్యాసం పెరిగినకొద్దీ చెయ్యి ముందు పోతుంది, కన్ను వెనక పడుతుంది.

ఏటీఆర్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జెట్ విమానాల తోకలో ఉండే ఏపీయూ అనే చిన్న ఇంజను దీనికి లేదు. నేలమీద ఉన్నప్పుడు కరెంటు కావాలంటే బయటినుంచి కరెంటిచ్చే జీపీయూ అనే యంత్రాన్ని తగిలించాలి, లేదా కుడి ఇంజనును నడుపుతూనే దాని ప్రొపెల్లర్‌ను మాత్రం బ్రేకుతో పట్టి ఉంచాలి. ఈ రెండో పద్ధతిని హోటల్ మోడ్ అంటారు. ప్రయాణికులు ఎక్కేది వెనకనున్న ఎడమ తలుపునుంచి, సామాను ఎక్కించేది ముందున్న ఎడమ తలుపునుంచి. అంటే ఎడమ ప్రొపెల్లర్ ముందు లోడర్లు, వెనక ప్రయాణికులు, అవతలి పక్కన ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా మోగుతున్న ఇంజను. ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి రోజూ అక్కడ పనిచేసేవాళ్లకు ఆ చప్పుడు హెచ్చరికగా ఉండడం మానేస్తుంది. నాకు ఈ విమానంలో ఇబ్బందిగా తోచే విషయం ఇదే.

ఇలాంటి చోట చెప్పడం ఎంతవరకు పనిచేస్తుందో 2022 డిసెంబరు 31న అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో తెలిసింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తరఫున ఎన్వాయ్ ఎయిర్ నడుపుతున్న ఒక ఎంబ్రాయర్ 170 అక్కడికి వచ్చింది. దాని ఏపీయూ పనిచేయడం లేదు కనుక ఇంజన్లను వెంటనే ఆపకుండా నడుపుతూ ఉంచాలని పైలట్లు నిర్ణయించారు. ఆ సంగతి కింద సిబ్బందికి తెలియకపోలేదు. ఇంజను నడుస్తూ ఉంటుందని విమానం రాకముందే వారు రెండుసార్లు గుమిగూడి చెప్పుకున్నారని అమెరికాలో రవాణా ప్రమాదాలను విచారించే ఎన్‌టీఎస్‌బీ ప్రాథమిక నివేదికలో ఉంది. ఇంజను నడుస్తోందని తెలిపే ఎర్ర బీకన్ దీపం విమానం మీద వెలుగుతూనే ఉంది. అయినా నేలమీద విమానాల దగ్గర పనిచేసే ఒక ర్యాంప్ ఉద్యోగిని నడుస్తున్న ఇంజను ముందుకు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆమె నిర్లక్ష్యం చేశారని అనడం నాకు ఇష్టం లేదు. విమానం ఆగగానే ముందుకు నడవడం ఈ పనిలో రోజూ చేసేదే. ఆ రోజు మాత్రం చేయకూడదని రెండుసార్లు విన్నది ఆ అలవాటు ముందు నిలవలేదేమో.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2015 డిసెంబరు 16 రాత్రి ముంబయినుంచి హైదరాబాదుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా ఏ319 పుష్‌బ్యాక్ (బేనుంచి వెనక్కి నెట్టడం) అయ్యాక, కిందనున్న సిబ్బంది పూర్తిగా తప్పుకోకముందే కదలడంతో ఒక టెక్నీషియన్ ఇంజనులోకి లాగబడి మరణించాడు. ఆ వార్త చదివిన రోజునుంచి, పుష్‌బ్యాక్ తరువాత కింద మనిషి పక్కకు వచ్చి, ముక్కు చక్రంనుంచి పీకిన పిన్నును పైకెత్తి చూపి, చెయ్యి ఊపి నడిచి వెళ్లేదాకా నేను టాక్సీ లైటు వేయను. పక్కన సహ పైలట్, అంటే ఫస్ట్ ఆఫీసర్, "క్లియర్" అన్నా సరే, నా వైపు నేను చూసుకుంటాను.

బేలో తొందర అయితే, రన్‌వేకు తీసుకెళ్లే టాక్సీవేలో పరధ్యానం. దీనికి కెంటకీలోని లెక్సింగ్టన్‌కు మించిన పాఠం లేదు. 2006 ఆగస్టు 27న తెల్లవారుజామున ఆరు దాటాక అట్లాంటాకు బయలుదేరిన కామ్‌ఎయిర్ 5191 విమానం 7,003 అడుగుల రన్‌వే 22 మీదకు వెళ్లవలసింది పోయి, 3,500 అడుగుల రన్‌వే 26 మీద పరుగు తీసింది. అప్పట్లో రెండు రన్‌వేల మొదళ్లూ దగ్గరదగ్గరగా ఉండేవి. 22కు వెళ్లాలంటే 26ను దాటవలసి ఉండేది. టాక్సీ చేస్తున్నప్పుడు పైలట్లు ఉద్యోగాల గురించి కాసేపు కబుర్లు చెప్పుకున్నారు. రన్‌వే మీద దీపాలు లేవేమిటని పరుగు మొదలయ్యాక ఫస్ట్ ఆఫీసర్ అన్నాడు కూడా. రన్‌వే నంబరు దాని దిక్కునుబట్టే ఉంటుంది కనుక, కంపాస్ 220 దగ్గర ఉండవలసింది 260 దగ్గర ఉంది. ఆ ఒక్క అంకెను ఎవరూ పోల్చి చూసుకోలేదు. విమానంలోని 50 మందిలో ఫస్ట్ ఆఫీసర్ ఒక్కడే బతికాడు. టవర్‌లో కంట్రోలర్ ఒక్కడే ఉన్నాడు, టేకాఫ్‌కు అనుమతి ఇచ్చాక వేరే పనిమీద అటు తిరిగాడు. నాలుగేళ్ల తరువాత, 2010లో, దారిలో వచ్చే ప్రతి రన్‌వేను దాటడానికీ విడిగా అనుమతి చెప్పి తీరాలన్న నియమం అమెరికాలో వచ్చింది.

శంషాబాద్‌లో ఈ పాఠం నాకు తరచూ గుర్తుకు వస్తుంది. అక్కడి ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు. దాని పక్కనే సమాంతరంగా ఉన్న 3,707 మీటర్ల దారి అవసరమైనప్పుడు రన్‌వే, మిగతా సమయంలో టాక్సీవే. నిన్న టాక్సీ చేసిన దారి ఈ రోజు విమానాలు దిగే దారి కావచ్చు. అందుకే బే వదలకముందే ఫస్ట్ ఆఫీసర్‌తో దారి మొత్తం పైకి చెప్పించుకుంటాను. రన్‌వే మీద నిలబడ్డాక నంబరూ హెడింగూ (కంపాస్ చూపే దిక్కు) ఇద్దరమూ గొంతెత్తి చదువుతాము. కొత్తగా వచ్చిన కుర్రవాళ్లకు ఇది బడి పిల్లల ఎక్కాల వల్లింపులా అనిపిస్తుందని తెలుసు.

ఒకసారి రద్దీగా ఉన్న ఒక పెద్ద విమానాశ్రయంలో మలుపు దాటిపోయానేమోనని అనుమానం వచ్చింది. వెనక మూడు విమానాలున్నాయి. బ్రేకు వేసి, ఎక్కడున్నానో గ్రౌండ్ కంట్రోల్‌నే అడిగాను. సరైన చోటే ఉన్నానని తేలింది. వెనకున్న పైలట్లలో ఒకరు ఫ్రీక్వెన్సీ మీద విసుగ్గా నిట్టూర్చారు. అది విని నాకు నిజంగానే సిగ్గు వేసింది.

మన రెక్కల కొసలు, తోక కాక్‌పిట్‌నుంచి సరిగా కనిపించవని బయటివారికి చెబితే ఆశ్చర్యపోతారు. 2024 సెప్టెంబరు 10న అట్లాంటాలో రన్‌వే కోసం ఆగి ఉన్న ఎండెవర్ ఎయిర్ వారి చిన్న విమానం సీఆర్‌జే 900 తోకను, వెనకనుంచి వెళ్తున్న డెల్టా ఏ350 రెక్క కొస విరగ్గొట్టింది. 2025 అక్టోబరు 1న లాగార్డియాలో ఎండెవర్‌వే రెండు విమానాలు టాక్సీవేల కూడలిలో ఒకదానికొకటి తగిలాయి. ఆగిన చిన్న విమానం పైలట్‌కు తన తోక ఎంతవరకు వెనకదారిలోకి పొడుచుకుని ఉందో తెలుసుకునే సాధనం లేదు. రన్‌వే ముందు ఆగవలసిన హోల్డింగ్ గీతకు వీలైనంత దగ్గరగా జరిగి నిలబడడం ఒక్కటే మేము చేయగలిగింది.

వాన సాయంత్రం తరువాత నేను ఒక పని మొదలుపెట్టాను. ఎడమ ప్రొపెల్లర్ పూర్తిగా ఆగాక కిటికీలోంచి బొటనవేలు చూపిస్తాను. అది చూసేదాకా ఎవరూ గీత దాటవద్దని ఆ ఊరి సిబ్బందితో ఒప్పందం. మొన్న మళ్లీ ఆలస్యంగానే దిగాము. ఆ కుర్రవాడు చోక్స్ పక్కన పెట్టి, కోన్ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను బొటనవేలు ఎత్తాక కూడా ఒకసారి రెక్కలవైపు చూసి, అప్పుడు నడిచి వచ్చాడు. ఆ రోజు బయలుదేరడంలో మరో రెండు నిమిషాలు పోయాయి. ఆలస్యానికి కారణం రాసే గడిలో "ప్రొపెల్లర్ ఆగేదాకా వేచి ఉన్నాము" అని రాశాను. అలాంటి కోడ్ జాబితాలో లేదని, వేరే కారణం రాసి పంపమని ఆఫీసునుంచి ఫోను వచ్చింది.