5:10కి పోసిన పాలు

20వ తేదీ, తిరుపతి

పొద్దున్నే పూతలపట్టు దగ్గర పల్లె నుంచి అత్త ఫోన్. "ఏం నాయనా, పదకొండో తేదీ పొద్దున నేను పోసిన పాలు పాత బిల్లులో కలిపినారే! పక్కింటామెవి కొత్త బిల్లులోనే ఉండాయి. అట్ల ఎట్ల?"

అత్తకు రెండు జెర్సీ ఆవులు. ఊళ్ళో పాల కేంద్రం వాళ్ళు పది రోజులకొక బిల్లు ఇస్తారు. ఆ లెక్కల ప్రోగ్రాం రాసింది నేనే. డబ్బు ఎక్కడికీ పోలేదు, కానీ ఆమె నోటుపుస్తకంలో రాసుకున్న లెక్కకు బిల్లు సరిపోలేదు. నాకు అదే చాలా బాధగా అనిపించింది.

అత్త పోసేది 5:10కి, పక్కింటామె ఆరింటికి. ఆ తేడా వినగానే విషయం తెలిసిపోయింది. మన టైం యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం) కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. సర్వర్‌లో పాల లెక్కలు దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. అది నడిచేది యూటీసీలో. మనకు 11వ తేదీ పొద్దున 5:10 అయితే దానికి ఇంకా 10వ తేదీ రాత్రి 11:40. తెల్లవారుజామున అందరికంటే ముందు క్యాన్ మోసుకొచ్చేవాళ్ళ పాలన్నీ నిన్నటి తేదీలో పడుతున్నాయి.

ప్రోగ్రాంలో ఒక్కో చిన్న ముక్కను విడిగా పరీక్షించే యూనిట్ టెస్టులు 140 పైన ఉన్నాయి. మూడు సెకన్లలో అన్నీ పాసవుతాయి. కానీ వాటిలో డేటాబేస్ అసలుది కాదు, మాక్, అంటే టెస్టు కోసం పెట్టిన నకిలీ. గడియారం కూడా నకిలీదే, అది ఎప్పుడూ మధ్యాహ్నం 12 చూపిస్తుంది. నేను ఏమనుకుని రాశానో మాక్ అదే నాకు తిరిగి చెప్తుంది. తప్పేమో నా కోడ్‌కూ డేటాబేస్‌కూ మధ్యలో ఉంది.

అసలు డేటాబేస్‌తోనే టెస్టులు రాద్దామన్నాను. టీంలో అన్న ఒప్పుకోలేదు. టెస్టులు నిమిషాలు పడితే ఎవరూ నడపరని, ఏ రకం టెస్టులు ఎక్కువ, ఏవి తక్కువ ఉండాలో చూపే మైక్ కోన్ పిరమిడ్‌లో అడుగున యూనిట్ టెస్టులే ఎందుకు ఎక్కువ ఉన్నాయో ఆలోచించమని అన్నాడు. ఆ మాట నిజమే. గంటసేపు వాదించుకున్నాక పని పంచాం. పాలలో ఫ్యాట్ (వెన్న), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) చూసి రేటు కట్టే భాగం వట్టి లెక్క, దానికి యూనిట్ టెస్టులు చాలు. తేదీ, బిల్లు కలిసే చోట మాత్రం అసలు పోస్ట్‌గ్రెస్. స్క్రీన్ నుంచి చివరిదాకా నడిపే టెస్టు ఒక్కటే ఉంచాం.

మధ్యాహ్నం, కోడ్ మార్చకముందే టెస్టు రాశాను: 11న 5:10కి పాలు పోస్తే కొత్త బిల్లులో ఉండాలి. నా ల్యాప్‌టాప్‌లో పాసయింది! కాసేపు టెన్షన్ పడ్డాను. తర్వాత చూస్తే ఇక్కడి పోస్ట్‌గ్రెస్ టైంజోన్ మన దేశానిదే. అంటే అసలు డేటాబేస్ పెట్టినా సెట్టింగు సర్వర్‌లో లాగే లేకపోతే ఉపయోగం లేదు. మనకు కావలసిన సెట్టింగులతో విడిగా నడుపుకోగలిగే డాకర్ కంటైనర్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టి యూటీసీతో నడిపాను, ఫెయిలయింది. అది ఫెయిలవడం చూశాకే కోడ్ ముట్టుకున్నాను. టైంను ముందు మన టైంజోన్‌కు మార్చి, ఆ తర్వాత తేదీ తీసే ఒక్క లైను. ఇప్పుడు పాసయింది. కొత్త టెస్టులన్నిటికీ కలిపి 40 సెకన్లు పడుతోంది. అన్నకు చూపిస్తే "ఇంతయితే పర్లేదు" అన్నాడు.

సాయంత్రం సర్వర్‌లో పెట్టేశాం. పాత ఎంట్రీలు సరిచేసే పని ఇంకా ఉంది. రేపు 21, కొత్త బిల్లు మొదలయ్యే రోజు. అత్త ఈపాటికి పడుకుని ఉంటుంది. అయిదింటికి అలారం పెట్టుకున్నాను, ఆమె పాలు ఏ తేదీలో పడతాయో చూడాలి.