నాన్నా, నీ పళ్ళు పని చెయ్యట్లేదు

పోయిన ఆగస్టులో ఒకరోజు ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ నా పేరు అక్షరం అక్షరం చెప్తున్నాను. వెంకటలో మొదటిది వి. అవతలావిడ "బి ఫర్ బాయ్?" అంది. కాదమ్మా, వి. "డబ్ల్యూ?" అంది. కాదు, వి, వి ఫర్ విక్టర్. "ఓకే ఓకే" అంది. పది రోజులకి కార్డు వచ్చింది. దాని మీద నేను బెంకటని.

ఆ ఫోన్ నడుస్తున్నంతసేపూ మా వాడు సోఫాలో బొమ్మలు వేసుకుంటూ విన్నాడు. వాడికి ఏడేళ్ళు. నేను ఫోన్ పెట్టేశాక తల కూడా ఎత్తకుండా "నాన్నా, నీ పళ్ళు పని చెయ్యట్లేదు" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. సత్తెనపల్లిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివి, పద్నాలుగేళ్ళ కిందట ఈ టెక్సస్ వచ్చి, ఆఫీసులో పది మంది రాసిన ఈమెయిళ్ళు దిద్దేవాణ్ణి నేను. పాల పళ్ళు ఊడుతున్న వెధవ నా పళ్ళ గురించి చెప్పడమా? "హోంవర్క్ అయిందా?" అన్నాను. వాదనలో ఓడిపోయినప్పుడు నాన్నలందరూ అనే మాటే అది.

కార్డు వచ్చిన రాత్రి మాత్రం, వాడు బ్రష్ చేసుకుంటుంటే బాత్రూమ్‌లోకి వెళ్ళి "ఏదీ, చూపించు" అన్నాను. సింకు అందడానికి వాడు వేసుకునే స్టూలు ఎక్కి, అద్దంలో తన మొహం నా మొహం పక్కకి వచ్చేట్టు నిలబడ్డాడు. పై పళ్ళు కింది పెదవి మీద ఆనించి ఊదాలట. "దోమలాగా. పెదవికి చక్కిలిగిలి రావాలి." అది వి. డబ్ల్యూకి మూతి గుండ్రంగా, స్ట్రాతో జ్యూస్ తాగుతున్నట్టు పెట్టాలి, పళ్ళు కనపడకూడదు. నేను వాడి వైపు చూస్తుంటే "నన్ను కాదు నాన్నా, అద్దం చూడు" అన్నాడు. కిండర్‌గార్టెన్‌లో వాళ్ళ టీచర్ ఒక్కొక్కరికీ చిన్న అద్దం ఇచ్చి ఈ శబ్దాలన్నీ పలికించిందట.

ఫోన్లో ఫలానాది ఎలా మార్చాలో పిల్లల్ని అడగడం మనందరికీ అలవాటే. కానీ అది నేర్చుకోవడం కాదు, పని చేయించుకోవడం. ఏడేళ్ళవాడి ముందు నోరు తెరిచి, "ఇంకోసారి, ఇంకోసారి" అనిపించుకోవడం వేరు. మొదటి రెండు రోజులూ నాకు మెడ దాకా వేడెక్కింది.

ఆ అద్దం ముందు నాకు హైస్కూలు వ్యాకరణం గుర్తొచ్చింది. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. వకారం దంతోష్ఠ్యం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, రెండూ వచ్చాయి నాకు. పళ్ళు, పెదవి కలిస్తే పుట్టే అక్షరం అని ముత్యాల్లాంటి చేతిరాతతో రాశాను గానీ, నా పన్ను నా పెదవికి తగులుతోందో లేదో ఒక్కసారీ చూసుకోలేదు. చూసుకోమని మాస్టారూ అనలేదు. అసలు మన మాటల్లో 'వ' అలా గట్టిగా ఆనదు కూడా. పన్ను పెదవి దగ్గరిదాకా వెళ్ళి తిరిగొచ్చేస్తుంది. మనకి ఉన్నది ఒక్క 'వ'నే కాబట్టి ఎలా అన్నా ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో రెండున్నాయి, మనది ఆ రెంటికీ మధ్యలో నిలబడింది. పశువుల డాక్టర్ని వెట్ అంటారు, తడిసినదాన్నీ వెట్ అంటారు. చూశారా, ఆ రెండు మాటల తేడా ఇక్కడ రాసి చూపించడానికి కూడా నా దగ్గర అక్షరం లేదు.

మూడు వారాలు పట్టింది. ఆఫీసుకి వెళ్తూ కార్లో దోమలాగా ఊదుకుంటూ పోయేవాణ్ణి.

ఇక వాడి తెలుగు సంగతి. శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర నేనే చెప్తాను. వాడికి ళ పలకదు. "నా కాల్లు నొప్పి", "పల్లు తోముకున్నా" అంటాడు. "పల్లు కాదు, పళ్ళు" అంటాను. "పల్లు" అంటాడు. నేను ఇంకొంచెం గట్టిగా "పళ్ళు!" అంటాను. వాడూ అంతే గట్టిగా "పల్లు!" అంటాడు. చాలా శనివారాలు చివరికి వాడు టేబుల్ కింద దూరడంతో ముగిశాయి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే, గొంతు పెంచడం. నాకూ అలాగే చెప్పారు, కాకపోతే చేతిలో బెత్తం కూడా ఉండేది. మూడు వారాల్లో వాడు నా మీద ఒక్కసారి కూడా గొంతు ఎత్తలేదన్న సంగతి ఒక శనివారం సగంలో తట్టింది. లేచి వెళ్ళి అద్దం తెచ్చాను.

తెచ్చానే గానీ, అద్దంలో ళ కనపడదు కదా. నాలుక లోపలెక్కడో మడత పడాలి. నోట్లోకి టార్చిలైటు వేసి కూడా చూశాం.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, అంటే అక్కడ సాయంత్రం ఆరున్నరకి, అమ్మకి వీడియో కాల్ చేస్తాం. అమ్మ ఐదో తరగతితో ఆపేసింది. నా గోడంతా విని "వాడికి సున్నుండ పెట్టు" అంది.

"అమ్మా, నేను అడిగేదేంటి, నువ్వు చెప్పేదేంటి?"

"పెట్టరా ముందు. అంగిట్లో అతుక్కుంటది గదా, చేత్తో తియ్యకుండా నాలిక మడిచి గీకమను. గీకుతా గీకుతా అనమను."

ఊరి నుంచి వచ్చిన డబ్బాలో ఇంకా కొన్ని ఉన్నాయి. వాడు ఒకటి నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని గీకాడు. మినప్పిండి పొడి టేబుల్ మీదంతా పడింది. కాసేపటికి "ళ్ళ... పళ్ళ... పళ్ళు" అన్నాడు. నానమ్మ ఫోన్లోంచి "మా నాయనే!" అని మెటికలు విరిచింది. ఆ రోజు ప్రాక్టీసు పేరు చెప్పి నాలుగు సున్నుండలు తిన్నాడు. చోటు దొరికింది కాబట్టి కాబోలు, ఆ వారంలోనే ణ కూడా పలికింది.

చెవి పదునెక్కాక వాడు నన్ను ఇంకో దెబ్బ కొట్టాడు. ఒకరోజు అన్నం తింటూ "నాన్నా, నీ నోట్లో రెండు జలున్నాయి, పుస్తకంలో ఒకటే ఉంది" అన్నాడు. లేదన్నాను. "జడ అను. ఇప్పుడు జీలకర్ర అను." అన్నాను. నిజమే! జడ, జామకాయ, జున్ను ఒక రకం. జీలకర్ర, జీతం, జెర్రి ఇంకో రకం. చాప, చుక్క వేరు, చీమ, చెట్టు వేరు. నలభై మూడేళ్ళుగా ఈ మాటలు అంటూనే ఉన్నాను, ఒక్కనాడూ వినలేదు. వెతికితే వీటికి విడిగా అక్షరాలు కూడా కనపడ్డాయి, ౘ, ౙ అని, నెత్తిన చిన్న గుర్తుతో. మాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. అమ్మకి చెప్తే నమ్మలేదు. "రెండూ జ నే గదరా" అని, నాలుగైదుసార్లు తనే అనుకుని చూసి, పక్కింటావిణ్ణి కేకేసి ఆవిడ చేత కూడా "జడ, జీలకర్ర" అనిపించింది.

ఇంగ్లీషులో జూ, జీరో అన్నప్పుడు జెడ్ పలకాల్సిన చోట నా నోట తెలుగు జ నే వచ్చేది. దానికి దారి కూడా మా వాడు అక్కణ్ణుంచే తీశాడు. "జడలో జ అను నాన్నా, కానీ నాలిక పైన తగలనివ్వకు, గాలి పోనీ." వచ్చేసింది.

అంతా ముచ్చటగానే జరిగిందని కాదు. దసరాకి స్నేహితులింట్లో ఇరవై మంది ముందు నేనేదో చెప్తుంటే మధ్యలో "నాన్నా, పళ్ళు!" అని అరిచాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టు చేశాను. ఇంటికొచ్చాక నలుగురిలో అలా అనకూడదురా అన్నాను. "మరి నువ్వు నానమ్మ ముందు పల్లు కాదు పల్లు కాదు అంటావుగా?" అన్నాడు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుంది. ఆ రాత్రి మేమిద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. నలుగురిలో ఉంటే నోటితో అనకూడదు, వేలితో పెదవి తాకాలి, అంతే.

బెంకట కార్డు మార్పించడం నాలుగు నెలలు వాయిదా వేసి, డిసెంబరులో మళ్ళీ ఫోన్ చేశాను. మా వాడు ఎదురుగా కూర్చుని వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. పై పళ్ళు ఆనించి, చక్కిలిగిలి వచ్చేదాకా ఊది "వి" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా రాసుకుంది.

కొత్త కార్డు వచ్చింది. వి సరిగ్గానే పడింది. చివరి ట పోయి డ అయింది. ఇప్పుడు నేను వెంకడని.

మా వాడు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీ తప్పు కాదు నాన్నా, ఆవిడది" అన్నాడు.